గురక సంగతి మత్తు డాక్టరుకు చెప్పారా?

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అదే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు చిన్నదో పెద్దదో ఏదైనా పరీక్షకు మత్తు తీసుకోవాల్సి వస్తే ఏం చేయాలని ఈమధ్య చాలామంది రాశారు. మామూలు నిద్రలోనే ఊపిరి ఆగే మనిషికి మత్తిస్తే మళ్లీ లేస్తాడా అన్నదే అందరి భయం. లేస్తాడు. రోజూ ఎంతోమంది లేస్తున్నారు. కాకపోతే కొన్ని సంగతులు ముందే చెప్పాలి, కొన్ని ముందే అడగాలి.

ప్రశ్న: డాక్టరుగారూ, మా వారికి 56 ఏళ్లు. స్లీప్ ఆప్నియా ఉందని తేలినప్పటి నుంచి రాత్రిళ్లు సీప్యాప్ మిషన్ పెట్టుకునే పడుకుంటున్నారు. ఇప్పుడు కొలనోస్కోపీ చేయించమన్నారు, మత్తిచ్చి చేస్తారట. మిషన్ తెచ్చుకోవాలా అని ఫోన్ చేసి అడిగితే, "అక్కర్లేదమ్మా, మేం ఆక్సిజన్ పెడతాంగా" అన్నారు. మా వారికేమో నలుగురి ముందు ఆ మాస్కు బయటికి తీయడం నామోషీ. నాకు భయంగా ఉంది.
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: తీసుకెళ్లండమ్మా. ఫోన్లో ఎవరేమన్నా సరే, తీసుకెళ్లండి.

మెలకువగా ఉన్నంతసేపూ గొంతు వెనక కండరాలు బిగువుగా ఉండి గాలి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే సడలిపోతాయి. మీ వారిలాంటి వాళ్లలో నాలుక మొదలు, కొండనాలుక, చుట్టూ ఉన్న మెత్తటి కండ వెనక్కి జారి ఆ దారి మూసుకుంటుంది. నానిపోయిన కాగితం స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చి చూడండి, ఎంత గట్టిగా లాగితే అంతగా అతుక్కుపోతుంది. గొంతులో జరిగేదీ అదే. మామూలు నిద్రలో అయితే రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని తట్టి లేపుతుంది. ఒక్కసారి గుర్రుమని గాలి లాగి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు, పొద్దున్నకి అదేదీ గుర్తుండదు. మత్తిచ్చినప్పుడు గొంతు ఇంకా ఎక్కువ సడలుతుంది. పైగా తట్టి లేపాల్సిన మెదడు కూడా మందు ప్రభావంలోనే ఉంటుంది. నన్ను కలవరపెట్టేది ఈ రెండోదే.

ఇక ఆక్సిజన్ మాట. ముక్కుకు పెట్టే సన్న గొట్టం ఆక్సిజన్ ఇస్తుంది గానీ మూసుకున్న దారిని తెరవదు. తెరిచి ఉంచేది గాలి ఒత్తిడి. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సలివాన్ ముక్కు మాస్కులోంచి గాలి ఒత్తిడితో పంపి ఈ జబ్బుకు వైద్యం చేయవచ్చని చూపించాడు. మీ ఇంట్లో ఉన్న మిషన్ చేసే పని అదే. ఆక్సిజన్‌తో ఇంకో చిక్కు ఉంది. అది పెట్టినప్పుడు ఊపిరి మందగించినా ఆక్సిజన్ కొలవడానికి వేలికి తగిలించిన క్లిప్పు కాసేపు 98, 99 అనే చూపిస్తుంది. అంకె పడేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే బయటికి వదిలే కార్బన్ డయాక్సైడును కొలిచే కాప్నోగ్రఫీ కావాలంటాం. ప్రతి ఊపిరికీ తెర మీద ఒక గీత లేస్తుంది. ఊపిరి ఆగిందంటే గీత అప్పటికప్పుడే పడుకుంటుంది. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 2011లోనే ఇలాంటి మత్తుకు కూడా దీన్ని ప్రమాణంగా పెట్టింది. మన దగ్గర ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నా, ఎండోస్కోపీ గదిలో అన్నిచోట్లా ఉండదు. "కాప్నోగ్రఫీ పెడతారా?" అని అడగడానికి మొహమాటపడకండి.

అంతకన్నా ముఖ్యంగా అడగాల్సింది, ఊపిరి చూడటానికే ప్రత్యేకంగా ఒక డాక్టరు ఉంటారా అని. ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఎక్కిన నిమిషంలో ఏం జరుగుతుందో చెప్తాను. ఛాతీ కదులుతూనే ఉంటుంది, పొట్ట ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. చూసేవాళ్లకి ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. గురక కూడా ఆగిపోయింది కాబట్టి హాయిగా పడుకున్నాడనిపిస్తుంది. ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి తగలదు. అప్పుడు చెవి కింద దవడ మూలకు వేళ్లు ఆనించి దవడను ముందుకు నెడితే, పెద్ద గురకతో గాలి లోపలికి దూసుకుపోతుంది. చాలాసార్లు అంతే చాలు, ఇంకే మందూ అక్కర్లేదు. కానీ ఆ వేళ్లకు వేరే పని ఉండకూడదు. స్కోపు పట్టుకున్న డాక్టరు కళ్లు పేగు మీద ఉంటాయి, ఉండాలి కూడా. మిడజోలామ్ లాంటి మందుకు విరుగుడు ఇంజక్షన్ ఉంది. ప్రొపోఫాల్‌కు విరుగుడు లేదు, అది దిగేదాకా ఎవరో ఒకరు గాలి అందించాల్సిందే.

మీకు కలిసొచ్చేదీ ఒకటుంది. కొలనోస్కోపీ మొదలుపెట్టేది ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి. వెల్లకిలా కన్నా పక్కకు పడుకుంటే గొంతు తక్కువ మూసుకుంటుంది. అసలు మత్తు ఎంత కావాలన్నది కూడా మాట్లాడండి. కొద్దిపాటి మత్తుతో, పిలిస్తే పలికే స్థితిలో కొలనోస్కోపీ చేయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

ముందురాత్రి సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. విరేచనాల మందు తాగి రాత్రంతా బాత్రూముకు తిరుగుతూ, ఇంకెందుకులే అని మాస్కు పక్కన పడేస్తారు. నిద్ర చాలని మనిషి అదే మోతాదుకు మరింత లోతుగా మత్తులోకి పోతాడు. దొరికిన గంటా రెండు గంటలైనా మాస్కు పెట్టుకునే పడుకోమనండి. పొద్దున మిషన్, మాస్కు, గొట్టం, కరెంటు వైరు సంచిలో పెట్టండి, నీళ్ల డబ్బా ఖాళీ చేయండి. స్లీప్ టెస్ట్ రిపోర్టు కూడా పెట్టండి. అందులో మేం ముందు చూసేది ఏహెచ్‌ఐ అనే అంకె, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పేది. 15 లోపైతే తక్కువ, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఆ రాత్రి ఆక్సిజన్ ఎంతవరకు పడిందన్నది కూడా అంతే ముఖ్యం.

నామోషీ గురించి మీ వారికి నా మాటగా చెప్పండి. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలకు మనమంతా ఊగిపోయాం కదా, వాటికి సంగీతం కట్టిన బప్పి లహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఈ జబ్బే. దీన్ని దాచుకుంటే వచ్చే గౌరవం ఏమీ లేదు. మాస్కు పెట్టుకుంటున్న మనిషి వైద్యం చేయించుకుంటున్న మనిషి. మాకు అంతకన్నా ధైర్యం ఇంకొకటి లేదు.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు, బీపీ ఉంది. విపరీతమైన గురక. నిద్రలో ఊపిరి ఆగుతోందని మా ఆవిడ భయపడుతుంది. ఏ పరీక్షా చేయించుకోలేదు. వచ్చేవారం డెంటల్ క్లినిక్‌లో రెండు ఇంప్లాంట్లు వేయించుకోవాలి. నొప్పి తెలియకుండా మత్తిస్తామన్నారు. స్లీప్ టెస్ట్ అయ్యేదాకా ఆగాలా?
— ఒక వ్యాపారి, వరంగల్

జవాబు: మత్తిచ్చే ముందు మేం వేసే ఎనిమిది ప్రశ్నలున్నాయి. టొరంటోలో మత్తు డాక్టరు ఫ్రాన్సెస్ చంగ్ బృందం 2008లో తయారుచేసిన ఈ పట్టికను స్టాప్ బ్యాంగ్ అంటారు. గట్టి గురక, పగలు అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బరువు సూచి బీఎంఐ 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవాళ్లు కావడం. మూడింటికి అవునంటే అనుమానించాలి, ఐదింటికి గానీ అంతకన్నా ఎక్కువకు గానీ అవునంటే గట్టిగా అనుమానించాలి. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే నాలుగు వచ్చేశాయి. టేపు తీసుకుని మెడ కొలుచుకోండి.

పరీక్ష కాలేదని ప్రతి పనీ వాయిదా వేయక్కర్లేదు. జబ్బు ఉన్నట్టే లెక్కేసుకుని జాగ్రత్తపడితే సరిపోతుంది. పగలు కూడా ఆయాసం, కాళ్లవాపు, అదుపులో లేని బీపీ ఉంటే మాత్రం ముందు వాటి సంగతి చూడాలి.

అయితే మీ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ క్లినిక్‌లో మత్తు వద్దు. పంటి పనిలో నోరు తెరిచే ఉంచాలి, నోరు బాగా తెరిస్తే దవడ వెనక్కి పోయి గొంతు ఇరుకవుతుంది. పైగా నీళ్లు, రక్తం, పళ్ల డాక్టరు చేతులు అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. రెండు ఇంప్లాంట్లకు చిగుళ్లకిచ్చే తిమ్మిరి ఇంజక్షన్ చాలు. అంత భయంగా ఉంటే మత్తు డాక్టరు పక్కనుండే ఆస్పత్రిలో చేయించుకోండి. ముందురోజు రాత్రి భయం తగ్గడానికని ఎవరో ఇచ్చిన ఆల్ప్రాజోలామ్ వేసుకుని మాత్రం వెళ్లకండి. రోజూ వాడే అలవాటుంటే దాచకుండా చెప్పండి.

మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి. మీరు నిద్రపోతుండగా ఫోన్లో కాసేపు వీడియో తీయమనండి. అది చూస్తే డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది. ఆ తర్వాత స్లీప్ టెస్ట్ చేయించుకోండి. ఇంట్లోనే చేసుకునే పరికరాలూ వచ్చాయి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. రాజమండ్రిలో ఉన్న అమ్మకు 68 ఏళ్లు. కంటి శుక్లానికి ఆపరేషన్ చెప్పారు. తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉంది, కంగారు కూడా ఎక్కువ. పూర్తి మత్తిచ్చి చేసేయమని అడగనా?
— ఒక కూతురు

జవాబు: వద్దమ్మా. అమ్మగారికి మెలకువే మేలు. శుక్లాల ఆపరేషన్ చాలామందికి కంట్లో వేసే తిమ్మిరి చుక్కలతోనే, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కంగారు తగ్గడానికని కాస్త మత్తిస్తే ఆవిడ కునుకు తీస్తారు, గురక మొదలవుతుంది, ఊపిరి ఆగుతుంది, అప్పుడు ఉలిక్కిపడి లేస్తూ తల కదిలిస్తారు. కంట్లో పరికరం ఉన్నప్పుడు ఆ కదలికే ప్రమాదం. ముఖం మీద గుడ్డ కప్పి ఉంటుంది కాబట్టి మాస్కు పెట్టడానికీ వీలుండదు.

చదునుగా ఎంతసేపు పడుకోగలరో ఇంట్లో ఒకసారి చూసుకోమనండి. ఇబ్బందైతే తలవైపు కాస్త ఎత్తు పెట్టమని సర్జన్‌ను అడగవచ్చు. పక్కన ఒక నర్సు చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఉంటే చాలామంది పెద్దవాళ్ల కంగారు తగ్గిపోతుంది. ఆపరేషన్ ముందు ఫోన్లో మీరు మాట్లాడినా పనిచేస్తుంది.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగి నిద్రలో ఊపిరి ఆగుతోందని ఆపరేషన్ చేస్తున్నారు. సాయంత్రానికే పంపేస్తారట. ఇంట్లో నొప్పికి ఏం ఇవ్వాలి?
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: బరువును బట్టి డాక్టరు రాసిన పారాసిటమాల్ లాంటివే, వేళ తప్పకుండా. కోడీన్ ఉన్న దగ్గు మందు ఇంట్లో ఉంటే దాని జోలికే పోవద్దు. కొందరు పిల్లల శరీరం కోడీన్‌ను చాలా వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది. టాన్సిల్స్ తీశాక అలా పిల్లలు చనిపోయిన ఘటనలు చూసి, 2013లో అమెరికా ఔషధ సంస్థ ఆ సందర్భంలో కోడీన్ ఇవ్వకూడదని గట్టి హెచ్చరిక పెట్టింది. మూడేళ్లలోపు పిల్లల్ని, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లని ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచడం మంచిది. మీ బాబు స్లీప్ టెస్ట్ చూపించి, ఏ కోవలోకి వస్తాడో అడగండి. టాన్సిల్స్ తీసినంత మాత్రాన ఆ రాత్రికే ఊపిరి బాగుపడదు, గొంతులో వాపు ఉంటుంది. మొదటి రాత్రి వాడి పక్కనే పడుకోండి.

ప్రశ్న: బరువు తగ్గడానికి వారానికోసారి ఇంజక్షన్ తీసుకుంటున్నాను. బాగా తగ్గాను, గురక కూడా తగ్గిందని సీప్యాప్ మానేశాను. ఎండోస్కోపీ ఉంది. ఇవన్నీ చెప్పాలా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: రెండూ చెప్పాలి. ఆ ఇంజక్షన్లు పొట్ట ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. ఆరుగంటలు ఏమీ తినకపోయినా లోపల ఆహారం మిగిలి ఉండవచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. చివరి ఇంజక్షన్ ఎప్పుడు తీసుకున్నారో, కడుపు ఉబ్బరం ఉందో లేదో చెబితే, ఆపాలా, ముందురోజు ద్రవాహారమే తీసుకోవాలా అన్నది డాక్టర్లు నిర్ణయిస్తారు. మీ అంతట మీరు మానకండి. గురక తగ్గడం మంచిదే, ఊపిరి ఆగడం తగ్గిందో లేదో మళ్లీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అప్పటిదాకా జబ్బు ఉన్నట్టే. మామూలు ఎండోస్కోపీ గొంతులో తిమ్మిరి స్ప్రే కొట్టి కూడా చేస్తారు. ఓర్చుకోగలిగితే అదే అడగండి.

ప్రశ్న: మా నాన్నగారికి మత్తిచ్చి పరీక్ష చేసి మధ్యాహ్నానికే ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక సాయంత్రం దాకా ఒకటే నిద్ర. ఆయనకి స్లీప్ ఆప్నియా ఉంది. ఇంకోసారి ఇలా అయితే లేపుతూ ఉండాలా?
— ఒక కొడుకు, అనంతపురం

జవాబు: లేపక్కర్లేదు గానీ మాస్కు లేకుండా పడుకోనివ్వకండి. పగటి కునుకైనా సరే, మాస్కు పెట్టాల్సిందే. వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి గానీ, దిండ్లు వేసి తల ఎత్తుగా పెట్టి గానీ పడుకోబెట్టండి. ఆ రాత్రి నిద్రమాత్రలు, మద్యం బొత్తిగా కూడదు. నొప్పికి ట్రమడాల్ రాస్తే వేసే ముందు డాక్టరుకు ఫోన్ చేసి జబ్బు సంగతి గుర్తుచేయండి. 24 గంటలు బండి నడపకూడదు. ఇంట్లో ఒక మనిషి తోడుండాలి.

గంటకోసారి పేరు పెట్టి పిలవండి. "ఊఁ" అన్నా చాలు. పిలిచినా, భుజం తట్టినా పలకకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం బాగా పెరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. "ఇవాళ మత్తిచ్చారు, స్లీప్ ఆప్నియా ఉంది" అని రెండు మాటలూ చెప్పండి. వాళ్లు వచ్చేలోగా నాన్నగారిని పక్కకు తిప్పి, గడ్డం పైకెత్తి పట్టుకోండి. ఊపిరి అసలు ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టండి, ఫోన్ స్పీకర్లో పెట్టి వాళ్లు చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.