శౌచము – ఇద్దరు బాలికల దీక్ష

పతంజలి మహర్షి యోగసూత్రములలో ఐదు నియమములను చెప్పెను. అవి శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము. వీనిలో మొదటిది శౌచము. స్నానముచే దేహమునకును, సద్భావముచే మనస్సునకును శౌచము కలుగునని పెద్దలు చెప్పుదురు. అయితే స్నానమాడు నీరే మలినమైనచో, పాదము మోపు నేలయే చెత్తతో నిండినచో మానవుని శౌచము పూర్ణమగునా? ఈ ప్రశ్నకు మన కాలమున ఇద్దరు బాలికలు తమ నడతచే సమాధానము చెప్పిరి.

ఇండోనీషియా దేశమందలి బాలి ద్వీపమున అధికసంఖ్యాకులు హిందువులు. లోకక్షేమమునకు కారణములు మూడని వారు చెప్పుదురు. దైవముతో సామరస్యము, తోడి మానవులతో సామరస్యము, ప్రకృతితో సామరస్యము అనునవి యా మూడు. ఈ భావమునకు వారు పెట్టుకొన్న పేరు ‘త్రిహితకరణ’. మన ఉగాదికి దగ్గరగా వారికిని శకవర్షారంభము వచ్చును. ఆనాడు ద్వీపమంతయు మౌనము పాటించును. విమానాశ్రయము సైతము మూతపడును. అంతకు కొలది దినములకు ముందు ‘మెలస్తి’ అను ఉత్సవము జరుగును. దేవాలయములందలి పవిత్ర వస్తువులను ఊరేగింపుగా సముద్రతీరమునకు కొనిపోయి శుద్ధి చేయుదురు. సముద్రము సర్వమాలిన్యములను హరించునని వారి విశ్వాసము.

అట్టి సముద్రమే ప్లాస్టిక్‌తో నిండసాగెను. వర్షకాలమున పడమటి గాలులు వీచునపుడు కూటా మొదలగు తీరములకు చెత్త కుప్పలుగా కొట్టుకొనివచ్చును. 2017వ సంవత్సరాంతమున సుమారు 6 కిలోమీటర్ల తీరమున అధికారులు అత్యవసర పరిస్థితిని ప్రకటింపవలసివచ్చెను. శుద్ధి చేయవలసిన జలమునకే శుద్ధి అవసరమయ్యెను.

ఈ దురవస్థ అంతకు పూర్వమే మెలాతి వైసెన్, ఇసబెల్ వైసెన్ అను అక్కాచెల్లెండ్ర మనస్సులను కలచివేసెను. 2013లో అక్కకు 12 ఏండ్లు, చెల్లెలికి 10 ఏండ్లు. ఒకనాడు పాఠశాలలో మహాత్మా గాంధి, నెల్సన్ మండేలా మున్నగు మహనీయులను గూర్చిన పాఠము జరిగెను. పెద్దవారమగువరకు వేచియుండక ఇప్పుడే తాము చేయదగిన పని యేదియని ఆ బాలికలు ఆలోచించిరి. ప్లాస్టిక్ సంచులను తమ ద్వీపమునుండి తొలగింపవలెనని సంకల్పించి, ‘బై బై ప్లాస్టిక్ బ్యాగ్స్’ అను ఉద్యమమును ప్రారంభించిరి.

తోడి పిల్లలను కూర్చుకొని వారు తీరములను శుభ్రపరచిరి, పాఠశాలలలో ప్రసంగించిరి. విమానాశ్రయమున అనుమతి సంపాదించి, గంటన్నరలో ప్రయాణికులచే సుమారు వేయి సంతకములు చేయించిరి. అయినను ద్వీపపాలకుడైన గవర్నరు దర్శనము లభింపలేదు. ఆ సమయమున వారు భారతదేశమునకు వచ్చి, గాంధీజీ నివసించిన గృహమును దర్శించి, ఉపవాస దీక్షకు గల శక్తిని తెలిసికొనిరి. తిరిగి వెళ్లి, ఆహారనిపుణుల పర్యవేక్షణలో, సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు నిరాహారముగా నుండ నిశ్చయించిరి. రెండవ దినముననే వారికి గవర్నరు కార్యాలయమునుండి పిలుపు వచ్చెను. 2018 నాటికి ద్వీపమును ప్లాస్టిక్ సంచులనుండి విముక్తము చేయుటకు ఆయన అంగీకరించి సంతకము చేసెను.

ఇచ్చట అనుకరింపదగినది ఉపవాసము కాదు, దాని వెనుకనున్న భావము. కోపముతో అన్నము మానుట హఠము. లోకహితమును కోరి, ఎవ్వరిని ద్వేషింపక, తన్ను తాను నిగ్రహించుకొనుట తపస్సు. పిల్లల కేకలకు తెరచుకొనని తలుపు వారి నిగ్రహమునకు తెరచుకొనెను.

సంతకముతోనే కార్యము ముగియలేదు. అటుపిమ్మట ఏండ్ల తరబడి వారు ఆ పనిని విడువక సాగించిరి. 2018 డిసెంబరులో తరువాతి గవర్నరు ప్లాస్టిక్ సంచులను, పానీయపు గొట్టములను, నురుగు ప్లాస్టిక్ పాత్రలను నిషేధించు శాసనము చేసెను. 2019లో అది అమలునకు వచ్చెను. దీక్ష పూనిన బాలికలు అప్పటికి యువతులైరి. అయినను, శాసనము వచ్చిన పిదపను వర్షకాలమున తీరములకు చెత్త వచ్చుచునే యున్నది. శాసనము అంగడివాని చేతిని ఆపగలదు. విసరివేయు అలవాటును ఆపవలసినది మనస్సే.

ఈ మాట మనకును వర్తించును. భారతదేశమున 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ కప్పులు, పళ్లెములు, అలంకరణకు వాడు థర్మోకోల్ మున్నగునవి నిషిద్ధములు. అయినను నదీస్నానమునకు పోయిన భక్తుడు పూజాపుష్పములను సంచితో సహా ప్రవాహమున విడుచుట కానవచ్చుచునే యున్నది. పుష్పము మట్టియై మరల మొక్కను పోషించును. ప్లాస్టిక్ మట్టి కాదు; ముక్కలై, రేణువులై నీటిలోను, చేపలలోను చేరును. సంచిలో కట్టి పారవేసిన అన్నమును గోవు సంచితో సహా మ్రింగును. అది దాని కడుపులోనే నిలిచి ప్రాణమును హరించును. గోవునకు ప్రదక్షిణము చేయు చేతితోనే ఆ సంచిని విసరుట ఎట్టి భక్తి?

కావున ఆలయమునకు పోవు యువకులు ఇంటినుండియే గుడ్డసంచిని కొనిపోవలెను. ఉత్సవములలో విస్తరాకులను, లోహపు గ్లాసులను సిద్ధపరచు సేవను వారు స్వీకరింపవలెను. పుష్పములను నదిలో విడువక ఎరువుగుంటలో చేర్పవలెను. పెద్దలు వారిని పిల్లలని తేలికపరుపక, వారి మాటను మన్నించి తామును ఆచరింపవలెను. ఉన్న సంచితో తృప్తి చెందుట సంతోషము. మరచిన దినమున వెనుకకు తిరిగి తెచ్చుకొనుట తపస్సు. ఈ రెండును కలిసినచోట మొదటిదైన శౌచము తానై నిలుచును. భూమాతను సేవించు ఈ చిన్న నియమము ఈశ్వరార్పణబుద్ధితో చేసినచో అదియే పూజయగును.