పైనుంచి చూసుకుంటూ రండి

పాత హాట్ టబ్ మొరాయిస్తే ఇంట్లో వినిపించే తొలి మాట ‘కంట్రోల్ బోర్డు పోయింది’. మూత తీసి చూసినవాళ్లు ఉండరు, మీటరు పెట్టి కొలిచినవాళ్లు ఉండరు, తీర్పు మాత్రం వచ్చేస్తుంది. గ్రూప్స్‌లో తప్పిన అభ్యర్థి తన మీద తాను చెప్పుకునే తీర్పూ ఇంతే తొందరగా వస్తుంది: ‘నాకు బుర్ర లేదు.’ హైదరాబాద్ నాంపల్లిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసున్న ప్రతిభా భవన్ దగ్గర కాసేపు నిలబడితే ఆ మాట చాలామంది నోట వింటాం. అక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్, దాన్ని దాటి ట్రూప్ బజార్. చెడిపోయిన వస్తువు మీద అంత తేలిగ్గా తీర్పు చెప్పని మనుషులు అక్కడున్నారు. ఒక్కసారి వాళ్ల పని చూడండి.

నేను చూసింది నాంపల్లిలోని ఓ పాత ఇంటి మేడమీద. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కోసం పిల్లలు ఎప్పుడో పెట్టించిన టబ్. నీళ్లు గోరువెచ్చగా అయ్యేసరికి హీటర్ ఆగిపోతోంది. కొత్త బోర్డు తెప్పిద్దామని అంతా సిద్ధమయ్యారు. ట్రూప్ బజార్ నుంచి వచ్చిన మెకానిక్ స్క్రూడ్రైవర్ ముట్టలేదు. ముందు పెద్దావిడ పక్కన కూర్చున్నాడు.

‘ఎప్పటి సంది ఇట్లయితుందమ్మా?’

‘నల్లా నీళ్లు సరిపోక బోరు నీళ్లు పట్టిన కాణ్ణుంచి, బిడ్డా.’

అతను మెయిన్ ఆపేసి, టెస్టర్‌తో చూసుకుని, ఫిల్టర్ బయటికి లాగాడు. మడతల నిండా తెల్లగా సున్నం గట్టిపడి ఉంది. ఫిల్టర్ లేకుండా కాసేపు నడిపితే హీటర్ ఆగలేదు. సంగతి అర్థమైంది. ఫిల్టర్ మూసుకుపోతే నీటి ప్రవాహం తగ్గుతుంది. ప్రవాహం తగ్గితే ఫ్లో స్విచ్ కలవదు. అది కలవకపోతే బోర్డు హీటర్‌కు కరెంటు ఆపేస్తుంది, లేకపోతే ఎలిమెంట్ మాడిపోతుంది. అందరూ తప్పుపట్టిన బోర్డు తన పని తాను సరిగ్గా చేస్తోంది!

తప్పు కనిపించే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి. ఈ నగరానికి ఆ సంగతి బాగా తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ప్రాంతాన్ని ముంచేసినప్పుడు వేల ప్రాణాలు పోయాయి. ఆ మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరం మధ్య నదిని చూసి ఊరుకోలేదు. ఎగువన ఎంత వాన పడింది, ఎన్ని చెరువులు తెగాయి అని లెక్క తీశారు. మందు కూడా ఎగువనే వేశారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు అలా వచ్చినవే.

కాబట్టి తప్పిన అభ్యర్థీ, నీ ఎగువన ఏముందో చూసుకో. మార్కులు ఏ పేపర్‌లో పోయాయి? ఆ పేపర్‌లో చదవనివి పోయాయా, చదివినవే టైమ్ చాలక పోయాయా? పరీక్షకు ముందు వారం రాత్రిళ్లు ఎంతసేపు పడుకున్నావు? బుర్ర సంగతి వీటన్నిటి తర్వాత. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో రిపేరు గైడ్ కనబడితే చివరి పేజీలు తిప్పి చూడు. ఓ గడిలో లక్షణం, పక్క గడిలో కారణాలు వరసగా ఉంటాయి. ఒక్క లక్షణానికి నాలుగైదు కారణాలు. అలాంటి పట్టిక నీ కోసం నువ్వే గీసుకో. ఖర్చు లేకుండా తేలిపోయేవి పైన రాయి, కోచింగ్ మార్చడం లాంటివి కింద రాయి.

పాత టబ్బుల్లో నాకు ఎంతో ఇష్టమైన భాగం గాలి బటన్. తడి చేతికి కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు అది. బటన్ నొక్కితే సన్నటి ట్యూబులో గాలి కదిలి, దూరంగా ఉన్న స్విచ్‌ను నెడుతుంది. ఏళ్లు గడిచాక బటన్ బాగానే ఉంటుంది, స్విచ్ బాగానే ఉంటుంది, మధ్యలో ట్యూబు ఎక్కడో చిట్లుతుంది. ఎంత గట్టిగా నొక్కినా ఏమీ జరగదు. తండ్రీ కొడుకుల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లలో నేను తరచూ చూసేది ఇదే. ఇద్దరూ మంచివాళ్లే. నాన్న మాట అమ్మ ద్వారా, కొడుకు జవాబు చెల్లి ద్వారా. దారిలోనే సగం పోతుంది. ఇంకా గట్టిగా అరవడం మాని, మధ్యవాళ్లను తప్పించి, ఎదురెదురుగా కూర్చుని చెప్పి చూడండి.

మేడమీది ఆ మెకానిక్ నీటి వేడిని కొలిచే సెన్సర్‌నూ వదల్లేదు. పెద్దావిడ తెప్పించిన చాయ్ తాగేసి, అదే గ్లాసులో వేడినీళ్లు పోయించుకుని, సెన్సర్ కొస ముంచి మల్టీమీటర్ పెట్టాడు. ఇలాంటి సెన్సర్లలో చాలావాటికి 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అంకె దిగుతుంటే తలూపాడు. కొలిచేది సరిగ్గా కొలుస్తోందా అన్నది వేరే ప్రశ్న, దాన్నీ అడగాలి. ‘ఆఫీసులో నీ మీద మంచి పేరు లేదట’ అని ఎవరో చెబితే కుంగిపోయేముందు, చెప్పినవారికి ఎలా తెలుసో కనుక్కోండి. వీలైతే బాస్‌నే అడగండి.

ఒకేసారి నాలుగు మార్చకండి. ట్యూషను, పుస్తకం, చదివే వేళ, గది అన్నీ ఈ వారమే మారిస్తే మార్కులు పెరిగినా ఎందుకు పెరిగాయో తెలియదు. ఒకటి మార్చండి, తేదీ వేసి రాసుకోండి, ఫలితం చూసి రెండోదానికి వెళ్లండి.

ఒక్క చోట మాత్రం పంతానికి పోవద్దు. టబ్ ఆన్ చేయగానే కరెంటు లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ స్విచ్ ట్రిప్ అవుతుంటే దాన్ని తప్పించి డైరెక్ట్‌గా వైరు కలిపేవాళ్లున్నారు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయేలా దాన్ని పెట్టింది నీళ్లలో ఉన్న మనిషి బతకాలని. ఒళ్లు అలిసి పడిపోతుంటే చాయ్ మీద చాయ్ తాగి పుస్తకం ముందు కూర్చోవడం కూడా అలాంటి పనే. పడుకోండి.

అన్నీ చూశాక బోర్డే పోయిందని తేలడమూ ఉంటుంది. లోపలికి కరెంటు వస్తోంది, ఫ్లో స్విచ్ కలిసింది, సెన్సర్ సరిగ్గా ఉంది, అయినా బోర్డు నుంచి హీటర్‌కు ఏమీ వెళ్లడం లేదు. అప్పుడు బోర్డు మార్చడానికి వెనకాడక్కర్లేదు. ఉద్యోగమూ అంతే. అడగవలసినవాళ్లను అడిగి, మార్చుకోదగ్గవి ఒక్కొక్కటిగా మార్చుకుని చూశాక కూడా ఊపిరాడకపోతే రాజీనామా రాయండి. ఇంట్లో వద్దంటే తేదీలు వేసుకున్న ఆ కాగితం వాళ్ల ముందు పెట్టి, మొదటి గడి నుంచి చదివి వినిపించండి.