పలుచని పొరయందలి వెలుగు

గూడూరు ప్రాంతపు గనులలో దొరకెడి అభ్రకమును గోటితో పొరలుగా చీల్చవచ్చునని విద్యార్థు లెఱుగుదురు. మాలిబ్డినమను లోహమును గంధకమును కలిసిన నల్లని పదార్థమొకటి గూడ నట్లే పొరలుగా విడిపోవును. అది అర్ధవాహకము. దాని మందపు ముక్క వెలుగునిచ్చుటలో మిక్కిలి పేద. మిల్లీమీటరులో పదిలక్షల వంతుకంటెను పలుచనైన ఒంటి పొరపై కాంతిని ప్రసరింపజేసినచో నెఱ్ఱని వెలుగు వెలువడును. ఈ సంగతి 2010లో బయల్పడినది.

కాంతి తగిలినప్పు డొక ఎలెక్ట్రాను తన చోటు వీడి పైకి లేచును. అది విడిచిన ఖాళీ ధనావేశమువలె ప్రవర్తించును. రెండును పరస్పరాకర్షణచే జంటయై తిరిగి, తుదకు ఎలెక్ట్రాను ఖాళీలో పడగా, ఆ శక్తి కాంతిగా వెలువడును. ఈ జంటకు ఎక్సైటానని పేరు. పొరలో మిగులు ఎలెక్ట్రానులు ముందే చేరియున్నచో వానిలో నొకటి జంటను పట్టుకొనును. ఈ ముగ్గురి కూటమిని ట్రయానందురు. దాని వెలుగు మఱికొంత యెఱుపువైపు జరుగును. మన కంటి కా భేదము తెలియనంత స్వల్పము. అసలు నష్టము వేఱొకటి గలదు. ట్రయాను శక్తిలో అధికభాగము వేడియై వ్యర్థమగును, పొర మసకబారును.

ఆ మిగులు నెట్లు కనిపెట్టుట? రామన్ ఫలితముచే పొరలోని పరమాణువుల కంపనమును కొలుతురు. ఆవేశము పెరిగినకొలది ఒక కంపనము మందగించును, మఱియొకటి ఇంచుమించు మారదు. బెంగుళూరు విజ్ఞానసంస్థవారు దీనిని 2012లో చూపిరి. భేదమునకు హేతువు కంపనముల సౌష్ఠవమే. విజయవాడ సమీపమున ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతంగారు వెంకటరాయుడుగారితో కలిసి సౌష్ఠవగణితమును స్ఫటికకంపనములకు అన్వయించుచు వ్రాసిన గ్రంథము 1948లో వాల్తేరునుండి వెలువడినది. మనవారు దీనిని మఱచుట విచారకరము.

వెలుగు తక్కువగుటకు పొరలోని లోపములనే పెక్కుకాలము నిందించిరి. 2015లో బర్క్లీలో తీవ్రమైన ఆమ్లముతో శుద్ధిచేయగా, నూటికి ఒకటికన్న తక్కువగా నున్న కాంతిఫలము తొంబదియైదు దాటెను. 2019లో అచ్చటివారే ఆమ్లము లేకుండ, విద్యుత్పీడనముచే మిగులు ఎలెక్ట్రానులను తొలగించిరి. లోపములు యథాస్థానమున నుండగనే, ఎక్సైటానుల శక్తి యంతయు దాదాపు కాంతియయ్యెను! ఇట్టి పొరతో దీపము చేయుట మాత్ర మంత సులభము కాదు. విద్యుత్తును పంపనిదే అది వెలుగదు. పంపునపుడు ఎలెక్ట్రానులును ఖాళీలును సమముగా చేరకున్నచో ఆవేశము మరల పేరుకొనును.