బూట్ క్రమం

కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాముల సముదాయానికి ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. విండోస్, లినక్స్ అటువంటివి. ఒకే కంప్యూటరులో ఈ రెండింటినీ స్థాపించుకొని, అవసరాన్ని బట్టి ఒకదానిని ఎంచుకొనే పద్ధతిని ‘డ్యుయల్ బూట్’ అంటారు. రెండూ ఒకే డిస్కులో వేరు వేరు పార్టిషన్లలో ఉండవచ్చు. కాని ఒక సమయంలో నడిచేది ఒకటి మాత్రమే. కనుక స్విచ్చి వేయగానే దేనిని ముందుగా పిలవాలో నిర్ణయమై ఉండాలి. ఆ నిర్ణయమే బూట్ క్రమం.

తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని పైకి లేవడం అనే ఆంగ్ల నానుడి నుండి ‘బూట్’ అనే మాట వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మెమరీలోకి తెచ్చే పనిని కూడా ఒక ప్రోగ్రామే చేయాలి. ఆ తొలి ప్రోగ్రాము మదర్‌బోర్డుపై ఒక చిప్పులో ఉంటుంది. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో దానిని ‘బయాస్’ అన్నారు. అది డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి, అక్కడి చిన్న ప్రోగ్రాముకు పనిని అప్పగించేది. ఆ చోటు ఒక్కరికే సరిపోతుంది. అందువల్ల లినక్స్ తరువాత విండోస్‌ను స్థాపిస్తే, లినక్స్ వ్రాసుకొన్న ప్రారంభ ప్రోగ్రాము తుడిచిపెట్టుకుపోయేది.

నేటి కంప్యూటర్లలో బయాస్ స్థానాన్ని ‘యూఈఎఫ్ఐ’ ఆక్రమించింది. ఇందులో ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక ప్రత్యేకమైన పద్దు ఉంటుంది. ఆ పద్దుల వరుస, విద్యుత్తు లేకపోయినా చెరగని విధంగా మదర్‌బోర్డులో నిలిచి ఉంటుంది. మొదటి పద్దు పనిచేయకపోతే యంత్రం రెండవదానిని ప్రయత్నిస్తుంది. లినక్స్ పద్దు ముందున్నప్పుడు ‘గ్రబ్’ అనే ప్రోగ్రాము నడిచి, రెండు వ్యవస్థల పేర్లనూ తెరపై చూపుతుంది. గ్రబ్ లెక్క సున్నాతో మొదలవుతుంది. జాబితాలోని మూడవ పేరు సంఖ్య 2. కొత్త పేర్లు చేరితే ఈ సంఖ్యలు మారవచ్చు. కాబట్టి చివరిసారి ఎంచుకొన్న వ్యవస్థనే గుర్తుంచుకొనే అమరికను ఎన్నుకోవడం మేలు.

ఒక్కొక్కప్పుడు విండోస్‌ను నవీకరించిన తరువాత గ్రబ్ జాబితా కనబడదు. లినక్స్ నశించిందని భావించి, డిస్కును ఫార్మాట్ చేసి, ఏళ్ల తరబడి వ్రాసుకొన్నదంతా పోగొట్టుకొనేవారున్నారు. సాధారణంగా అక్కడ మారేది వరుస మాత్రమే. ఫైళ్లు భద్రంగానే ఉంటాయి. యంత్రం ప్రారంభం కాగానే తయారీదారు సూచించిన ఎఫ్2, డిలీట్ వంటి కీని నొక్కి, సెటప్‌లో లినక్స్ పద్దును పైకి జరిపితే చాలు. పద్దే లేకపోతే, పెన్ డ్రైవ్ నుండి లినక్స్‌ను నడిపి గ్రబ్‌ను తిరిగి స్థాపించవచ్చు. అందుకు కూడా ఫార్మాట్ అవసరం లేదు. విండోస్‌లో బిట్‌లాకర్ రక్షణ ఉంటే, మార్పులకు పూనుకొనే ముందే దాని రికవరీ కీని వేరొకచోట వ్రాసి ఉంచుకోవాలి. ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసుకోవాలి.

క్రమం వేరు, సమాచారం వేరు. ఈ భేదాన్ని గ్రహించినవారు కొద్ది నిమిషాలలో సరిచేయగల లోపానికి తమ శ్రమఫలాన్ని బలిపెట్టరు.