ప్రశ్నలు – జవాబులు: విశ్వాసము, వృత్తిధర్మము

ప్రశ్న: నేను మనస్తత్వశాస్త్రములో ఎం.ఏ. చదివి, ఒక ఆసుపత్రిలో కౌన్సెలరుగా పనిచేయుచున్నాను. నిత్యము విష్ణుసహస్రనామ పారాయణము జరుగు ఇంట పుట్టి పెరిగినదానను. జ్వరముతో ఎనిమిదేండ్ల కొడుకును పోగొట్టుకొన్న ఒక తల్లి నా యొద్దకు వచ్చుచున్నది. బిడ్డ పోయిననాటినుండి ఆమె దేవుని గదిలో దీపము పెట్టుట మానివేసినది. అంతయు పూర్వజన్మ కర్మమని అత్తగారు అనుచున్నారట. తిరిగి దీపము వెలిగించినచో ఆమెకు కొంత శాంతి కలుగునని నాకు తోచుచున్నది. ఆ మాట చెప్పవచ్చునా? చెప్పక ఊరకుండుట నా విశ్వాసమునకు ద్రోహము కాదా?
— ఒక సోదరి, విజయవాడ

జవాబు: సోదరీ, చెప్పవలదు. ఈ మాట మీకు కఠినముగా తోచవచ్చును గాని, కారణము ఆలకింపుడు. దీపము పెట్టుమని ఆ తల్లికి చెప్పుటకు ఇంట అత్తగారు కలరు, వీధిలో ఇరుగుపొరుగువారు కలరు, పరామర్శకు వచ్చిపోవు బంధువులు కలరు. ఆమె దీపమును ఎందుకు మానివేసినదో తొందరలేక వినువారు మాత్రము ఎవ్వరును లేకపోవుటచేతనే ఆమె మీ గదికి వచ్చినది. ఇక్కడను అదే మాట వినవలసివచ్చినచో ఆమె మరల రాదు. వచ్చినను, మిమ్ము నొప్పింపజాలక దీపము పెట్టితినని చెప్పి, తన కోపమును లోలోపలనే అణచుకొనును. ఆ కోపమునకు మీరు వెరవనక్కరలేదు. భద్రాచల రామదాసు గోలకొండ చెరసాలలో రాముని నిలదీసి, నిష్ఠురములాడి, మరల ఆ రామునే శరణుజొచ్చిన సంగతి తెలుగువారికందరకు తెలిసినదే. నిష్ఠురమాడినాడని ఆయనను ఎవ్వరును నాస్తికుడనలేదు. దేవునితో ఇంకను తగవు పెట్టుకొనగలిగిన తల్లికి దేవునితో సంబంధము తెగిపోయినదని మనమెట్లు నిర్ణయింపగలము?

కావున ఆమెను అడుగుడు. బిడ్డ జ్వరముతో ఉన్నపుడు ఏ దేవునికి ఏమని మ్రొక్కుకొన్నదో, దీపము మానిన నాటి సాయంకాలము ఆ గది ముందు నిలిచి ఏమనుకొన్నదో, కర్మమన్న మాట చెవిని పడినపుడు తన పాపముచేతనే బిడ్డ పోయెనని ఆమెకు తోచినదో ఏమో అడుగుడు. దైవవిషయము మన గదిలోనికి రారాదను పక్షము ఒకటి కలదు. 1927లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడు మతమును భ్రాంతిగా వర్ణించి గ్రంథము వ్రాసిన పిమ్మట ఆ పక్షము మరింత బలపడినది. అంతకు పూర్వమే, 1902లో, మనస్తత్వవేత్త విలియం జేమ్సు మతానుభవములను ఎంతో మన్ననతో పరిశీలించి ప్రకటించియుండెను. నేను జేమ్సు పక్షమువాడను. మన దేశమున శోకమునకు భాషయే దైవముతో ముడివడియున్నది. దానిని అడుగక విడిచినచో సగము శోకమును వినకయే పంపివేసినట్లగును. అయితే అడుగుట వేరు, బోధించుట వేరు. మతాచార్యుడు కాదలచి న్యూయార్కులోని క్రైస్తవ వేదాంత కళాశాలలో చేరి, పిదప దానిని వీడి మనస్తత్వశాస్త్రమునకు మరలిన కార్ల్ రోజర్సు, 1957లో ప్రకటించిన వ్యాసమున, ఎదుటివారిలో మార్పు కలుగుటకు సలహాదారునియందు నిష్కపటత్వము, షరతులు లేని ఆదరము, పరుల హృదయమును వారి స్థానమున నిలిచి గ్రహించు సహానుభూతి ఉండవలెనని చెప్పెను. దీపము పెట్టినచో మెచ్చుకొందుననునది, ఎంత మృదువుగా చెప్పినను, షరతే. అమెరికా కౌన్సెలర్ల సంఘమువారి 2014 నాటి నీతినియమావళి సైతము, కౌన్సెలరు తన విలువలను తానెరిగి, వానిని వచ్చినవారిపై రుద్దకుండవలెనని విధించుచున్నది.

ఇక మీ విశ్వాసమునకు ద్రోహమందురా, నాకట్లు తోచదు. ఉదయమున మీరు చేయు పారాయణము మీకు ఓర్పునిచ్చినచో ఆ ఓర్పు మీతోకూడ గదిలోనికి వచ్చును, స్తోత్రము రానక్కరలేదు. మీరైతే ఏమి చేయుదురని ఆమెయే ఒకనాడు అడిగినచో దాపరికము వలదు: నేను పూజ చేసికొందును, అది నాకు అలవడిన మార్గము, మీకు ఏది సరిపడునో మీరే ఎరుగుదురు అని చెప్పి, మాటను మరల ఆమెవైపునకే మరల్పుడు. గీతలో శ్రీకృష్ణుడంతటివాడు, చెప్పవలసినదంతయు చెప్పిన పిమ్మట, నిర్ణయమును అర్జునుని విచారణకే విడిచిపెట్టెను గదా!

ఒక్క విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. కొడుకు వద్దకే పోవలెనని ఆమె ఎన్నడైన అనినచో, అది శోకములోని మాటయేయని సరిపెట్టుకొనక, ప్రాణము తీసికొను తలంపు కలదాయని సూటిగా అడుగుడు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. ఉన్నదనినచో ఆనాడే మానసిక వైద్యుని వద్దకు పంపి, ఇంటివారిలో ఆమె నమ్మినవారిని తోడుంచుడు.

ప్రశ్న: నా యొద్దకు వచ్చు ఒక కుటుంబమువారు నన్ను గురువుగారని పిలిచి పాదములకు మ్రొక్కుచున్నారు. కుమార్తె వివాహ ముహూర్తమును సైతము నన్నే నిశ్చయింపుమనుచున్నారు. మొన్న పట్టువస్త్రములు తెచ్చిరి. ఏమి చేయవలెను?
— ఒక కౌన్సెలరు, హనుమకొండ

జవాబు: వస్త్రములు తిప్పి పంపుడు, ముహూర్తము పురోహితునికి విడువుడు. పండ్లు పుచ్చుకొన్నచో దోషము లేదని నా అభిప్రాయము. పిలుపు సంగతి అంత తేలికగా తేలునది కాదు. జస్వంత్ సింగ్ నేకీ అను మానసిక వైద్యుడు 1973లో ప్రకటించిన వ్యాసమున, గురుశిష్య సంబంధమును మన చికిత్సకు మాదిరిగా గ్రహింపవచ్చునేమోయని విచారించెను. ఆ విచారణలో సత్యము కలదు. పెద్దల మాటకు చెవియొగ్గుట నేర్చిన మనవారు, మౌనముగా కూర్చుండు సలహాదారుని చూచి తమయెడల శ్రద్ధ లేదని భావింతురు. కాని శిష్యుడు గురువునకు తన జీవితమునంతటిని అప్పగించును. మీకు వారప్పగించినది వారమున కొద్దిపాటి కాలము, ఒక్క సమస్య మాత్రమే. గౌరవమును స్వీకరింపుడు, అధికారమును స్వీకరింపకుడు.

ప్రశ్న: మా అమ్మాయికి ఇరువదియొకటవ యేడు. హైదరాబాదులో చదువుకొనుచు, అచ్చటనే ఒక కౌన్సెలరు వద్దకు పోవుచున్నది. రుసుము చెల్లించునది మేము. అది అన్యకులపు పిల్లవానిని ప్రేమించుచున్నదేమోయని మా అనుమానము. పిల్ల ఏమి చెప్పుచున్నదని అడిగిన ఆ కౌన్సెలరు మాకు చెప్పరు. మంచిమాట చెప్పి దాని మనస్సు మార్పుమనినను వినరు. ఇది న్యాయమా?
— ఒక తల్లి, రాజమహేంద్రవరము

జవాబు: అమ్మా, న్యాయమే. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 23వ విభాగము, చికిత్స పొందువారి విషయములు గోప్యముగా నుండు హక్కును వారికిచ్చినది. ప్రాణాపాయము, ఇతరులకు హాని, న్యాయస్థానపు ఆజ్ఞ వంటి కొన్ని సందర్భములలోనే ఆ కట్టు సడలును. పదునెనిమిదేండ్లు నిండనివారిపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసినచో మాత్రము, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, ఎవ్వరైనను పోలీసులకు తెలిపి తీరవలెను. మీ అమ్మాయి సంగతి వీనిలో దేనికిని చెందినట్లు తోచదు. రుసుము ఎవరు చెల్లించినను మాట ఆమెది.

మనస్సు మార్పుమన్న కోరిక ఇంకను చిక్కైనది. ఒకరు తమ సమాజపు నైతిక, సాంఘిక, మత విశ్వాసములకు అనుగుణముగా నడువకపోవుట మానసిక రోగమునకు గుర్తు కాదని ఆ చట్టమే 3వ విభాగమున స్పష్టముగా చెప్పినది. కావున కులము దాటిన ప్రేమను జబ్బుగా భావించి మాన్పించుట కౌన్సెలరు పని కాదు. మీ భయము నిజమైనది, దానిని నేను తేలిక చేయను. అమ్మాయి సమ్మతించినచో మీరిరువురు కలిసి ఆ గదిలో కూర్చుండవచ్చునేమో ఆమెనే అడిగి చూడుడు.

ప్రశ్న: మా తమ్మునికి స్కిజోఫ్రీనియా. మందులు వాడుచున్నాడు. మా అమ్మగారు వానిని ఒక పుణ్యక్షేత్రమున మండలము దినములు ఉంచవలెనని మ్రొక్కుకొన్నారు. కౌన్సెలరుగారు అది మూఢనమ్మకమని అందరియెదుట కోప్పడిరి. అమ్మగారు ఆనాటినుండి అన్నము సరిగా తినుటలేదు.
— ఒక అన్న, కర్నూలు

జవాబు: కోప్పడుట తప్పు. ఆస్తికుడు తన భక్తిని రుద్దరానట్లే నాస్తికుడును తన అవిశ్వాసమును రుద్దరాదు. అదియు ఒక విలువయే. తమిళనాడులోని ఒక చిన్న దేవాలయమున వసించిన 31 మంది మానసిక రోగులను బెంగళూరు పరిశోధకులు పరిశీలించి, వారి లక్షణములు సుమారు ఐదవ వంతు తగ్గినవని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటించిరి. అచ్చట వారిని ఎవ్వరును నిర్బంధింపలేదు, ఇంటివారొకరు వెంటనుండిరి. సంఖ్య చిన్నది గనుక దానినిబట్టి మందులు మానుట తగదు. అదే తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాను నమ్మి వచ్చినవారినుంచిన ఒక ప్రైవేటు ఆశ్రయమున, 2001 ఆగస్టు 6వ తేదీన నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న రోగులు తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. మానసిక రోగులను ఏ రీతిగానైనను గొలుసులతో బంధించుటను 2017 చట్టము నిషేధించినది.

కావున మీ తమ్ముని ముందుగా అడుగుడు. అతనికి ఇష్టమైనచో, వైద్యునికి తెలిపి, మండలమునకు సరిపడు మందులు చేతబట్టుకొని, అమ్మగారిని వెంటబెట్టుకొని పోవచ్చును. కట్టివేయుటగాని, కొట్టుటగాని, మందులు మాన్పించుటగాని కనబడినచో ఆ క్షణమే వెనుకకు తీసికొనిరండు. అచ్చట రాత్రివేళ ఏ యిబ్బంది కలిగినను, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ మానసిక సహాయ సేవయగు టెలిమానస్‌కు 14416 అను సంఖ్యలో ఫోను చేయుడు; రుసుము లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చును.