రెండు పెద్దదా, ఏడు పెద్దదా?

వడ్డీ మాట యెత్తగానే "అదంతయు గుమాస్తాగారికే తెలియవలె" నని వ్రేలిముద్ర వేసి వెడలిపోవు సభ్యులు మనలో పలువురు కలరు. ఆకును చూచి మిరపతోట తెగులును చెప్పగల రైతు లెక్కయనిన జంకుట మాకు వింతగా తోచును. ఇందుకు కావలసినది హెచ్చవేత యొక్కటియే.

చీరాల చుట్టుపట్ల, ఇంకొల్లు, పర్చూరు గ్రామములలో "రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిని" అనుట వాడుక. సహకార సంఘమునందు 2025-26 సంవత్సరమునకు మూడు లక్షలలోపు పంటఋణముపై వడ్డీ నూటికి ఏడు. రెండుకంటె ఏడు పెద్దది గదా, సంఘపు సొమ్మే ప్రియము గదా యని కొందరు భ్రమపడుదురు. ఆ రెండు నెలకు. ఈ ఏడు సంవత్సరమునకు. రెండును పండ్రెండుచే హెచ్చవేసిన 24 అగును.

50,000 రూపాయలు తెచ్చిన రైతును తీసికొందము. రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 1,000, పది నెలలకు 10,000. సంఘమున అంతే కాలమునకు 2,917. గడువులోపల తీర్చినవారికి కేంద్రప్రభుత్వము నూటికి మరి మూడు తగ్గించును గనుక 1,667 తో సరి. గడువు దాటిన ఈ తగ్గింపు లేదు. కావున ఆ తేదీని ఇంటిగోడమీదనైనను వ్రాసికొనుడు.

అసలు ప్రమాదము నోటు తిరుగవ్రాయుటలో నున్నది. ప్రామిసరీ నోటుకు కాలదోషము మూడేండ్లు గనుక, అంతకు ముందే వడ్డీని అసలులో కలిపి క్రొత్తనోటు వ్రాయించుకొందురు. కొందరు ఏటేట వ్రాయింతురు. అట్లు చేసిన 50,000 మొదటి యేటికి 62,000, రెండవ యేటికి 76,880, మూడవ యేటికి 95,331. రైతు క్రొత్తగా ఒక్క రూపాయి తేలేదు. అప్పు మాత్రము రెండింతలకు చేరువైనది. మధ్యలో ఏమి కట్టినను నోటు వెనుక చెల్లు వ్రాయించుట మరువరాదు. నోటిమాటకు కచేరీలో విలువ స్వల్పము.

వడ్డీయే లేదని పెట్టుబడి ఇచ్చు వ్యాపారులును కలరు. పంట తమకే తోలవలెననుట వారి షరతు. మిరపకాయలు 20 క్వింటాళ్లు తోలిన రైతుకు క్వింటాలుకు 300 తగ్గించి ధర కట్టినచో 6,000 పోయినట్లే. దానికి వడ్డీయను పేరు లేదు, అంతియే.

సంఘపు సొమ్ము ఒక్కొక్కప్పుడు ఆలస్యముగా వచ్చును, అవసరము ఆగదు. అందుచే బయట అప్పు తేవలసివచ్చిన, కావలసినంతయే తెచ్చి, పంట సొమ్ము చేతికందగానే ముందుగా హెచ్చువడ్డీ అప్పునే తీర్చుడు. అయితే సంఘపు గడువు మించకుండ చూచుకొనవలెను. చదువు రానివారు పాసుపుస్తకమును బడికి పోవు పిల్లలచేత చదివించుకొని, కట్టిన సొమ్ము జమయైనదో లేదో ఇంటివద్దనే సరిచూచుకొనుడు. తేడా కనబడిన, రసీదుతో కార్యాలయమునకు వచ్చి అడుగుడు. అడుగుట సభ్యుని హక్కు. సమాధానము చెప్పుట గుమాస్తా పని.