నొప్పి లేకపోయినా రాయించండి

ప్రశ్న: మా తమ్ముడు ఒమన్‌లోని సోహార్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు పైపుల వెల్డింగ్ పని చేస్తాడు. వెల్డింగ్ అయ్యాక జాయింటు మీద ఏదో పేస్టు పూసి కడుగుతారు. ఒక రోజు గ్లవ్ చిరిగి అది వేళ్లకు అంటింది. అప్పుడేమీ అనిపించక తుడుచుకుని పని చేసుకున్నాడు. రాత్రి క్యాంపుకి వచ్చాక వేళ్లు పీకేసి నిద్ర లేదు. తెల్లారి చెబితే, ‘సైట్‌లో ఏమీ జరగలేదు, గదిలో ఏం చేసుకున్నావో’ అన్నారు. వైద్యం ఖర్చు, పరిహారం అడగడానికి హక్కు ఉందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఉంది. అయితే చట్టం కంటే ముందు ఆ పేస్టు సంగతి తెలుసుకోవాలి. మీ తమ్ముడికీ కంపెనీకీ మధ్య తగాదా అంతా దాని స్వభావం వల్లే వచ్చింది.

దాన్ని పిక్లింగ్ పేస్టు అంటారు. అందులో సాధారణంగా నైట్రిక్ ఆమ్లం, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసి ఉంటాయి. రెండోది ప్రయోగశాలల్లో రాతి నమూనాలను, ఇసుకను కరిగించడానికి వాడే ఆమ్లం. గాజును సైతం తినేస్తుంది కనుక ప్లాస్టిక్ సీసాల్లోనే ఉంచుతారు. చమురు బావుల్లో రాతిపొరల దారులు తెరవడానికి పంపే కొన్ని ఆమ్ల మిశ్రమాల్లో, తుప్పు మరకలు వదిలించే కొన్ని ద్రావణాల్లో కూడా ఇదే ఉంటుంది. కాబట్టి ఇది ల్యాబులో కెమిస్టు ఒక్కడే జాగ్రత్తపడాల్సిన సరుకు కాదు. వెల్డరు, ఫిట్టరు, ల్యాబులో సీసాలు కడిగే హెల్పరు, చెత్త ఎత్తే క్లీనరు, అందరి చేతులకూ తగిలేదే.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మీద పడితే మనిషి వెంటనే కేక పెడతాడు. పక్కవాళ్లు పరిగెత్తుకొస్తారు. సాక్షులు అక్కడే ఉంటారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాఢత 20 శాతం లోపు ఉంటే మాత్రం నొప్పి, ఎరుపు బయటపడడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. 20 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఒకటి నుంచి ఎనిమిది గంటలు. పిక్లింగ్ పేస్టుల్లో ఉండేది మామూలుగా 20 శాతం లోపే. నొప్పి తెలిసేలోగా ఫ్లోరైడ్ చర్మం దాటి లోపలికి దిగుతుంది, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, ఎముక దాకా పోగలదు. ఎక్కువ మోతాదులో అయితే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. 1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒంటరిగా పనిచేస్తున్న ఒక ల్యాబ్ టెక్నీషియన్ తొడల మీద 70 శాతం గాఢత ఉన్న ఈ ఆమ్లం ఒలికింది. కాలిన చర్మం ఒంట్లో పదో వంతు కూడా లేదు. నీళ్లతో కడుక్కున్నాడు, ఈత కొలనులో దిగి కూర్చున్నాడు. ఈ ఆమ్లానికి విరుగుడుగా పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ అక్కడ లేదు. కాలు తీసేసినా 15 రోజులకు ప్రాణం దక్కలేదు.

అందుకే, ‘సైట్‌లో ఏమీ జరగలేదు’ అన్న మాట వైద్యం ముందు నిలవదు. పగలు అంటింది రాత్రి మండడం ఈ ఆమ్లానికి సహజ లక్షణం. ఈ విషయం డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి. వట్టి ‘కాలిన గాయం’ అని రాస్తే చాలదు. ఏ రసాయనం, ఏ రోజు ఎన్ని గంటలకు అంటింది, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఇలా ఆలస్యంగా బయటపడడం ఆ రసాయనానికి మామూలే అన్న మాట, ఇవన్నీ ఉండాలి. డాక్టరుకు రసాయనం పేరు నోటితో చెప్పడం కంటే డబ్బా మీది లేబుల్ ఫోటో చూపించడం మేలు.

ఇప్పుడు చట్టం. ఒమన్‌లో 2023 జులైలో 53/2023 రాజశాసనంతో కొత్త కార్మిక చట్టం వచ్చింది. 2003 నాటి పాత చట్టం పోయింది. పనిలో ఉన్న ప్రమాదాన్ని కార్మికుడికి ముందే చెప్పడం, రక్షణ సామగ్రి ఇవ్వడం, దాని ఖర్చు జీతంలో కోయకపోవడం యజమాని బాధ్యత. ఇది పాత చట్టంలోనూ ఉన్న సూత్రమే. పని ప్రదేశ భద్రతకు 286/2008 మంత్రిత్వ శాఖ నిర్ణయం, రసాయనాల వాడకానికి 46/95 రాజశాసనం వేరుగా ఉన్నాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఎండలో పని చేయించకూడదన్నదీ 286/2008లోని నియమమే. దాన్ని ఇక్కడ గుర్తు చేయడానికి కారణం ఉంది. ఆ ఎండల్లో చేతులు చెమటలు పట్టి గ్లవ్స్ తీసేసేవాళ్లే ఎక్కువ. పేస్టు పని ఎండవేళ పెట్టడమే ప్రమాదాన్ని పిలవడం.

‘గ్లవ్స్ ఇచ్చాం కదా’ అని కంపెనీ అనవచ్చు. ఏ గ్లవ్స్ అన్నదే అసలు ప్రశ్న. వెల్డింగ్‌కి వాడే తోలు గ్లవ్ ఈ ఆమ్లాన్ని ఆపదు, పీల్చుకుంటుంది. ఆసుపత్రిలో వాడే పల్చటి రబ్బరు గ్లవ్ కూడా చాలదు. నియోప్రీన్, బ్యూటైల్ వంటి మందపాటి గ్లవ్స్, ముఖానికి షీల్డు, ఏప్రన్ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ పని జరిగే చోటే చేతికందేలా ఉండాలి. ఈ ఆమ్లం వాడే చోట ఆ ట్యూబు లేకపోతే, కంపెనీ తన బాధ్యత నెరవేర్చలేదని గట్టిగా వాదించవచ్చు.

మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది ఒకటుంది. పొద్దున పనికి ముందు భద్రత గురించి చెప్పే టూల్‌బాక్స్ టాక్ అయ్యాక చుట్టూ తిరిగే సంతకాల కాగితం. చెప్పింది హిందీలోనో ఇంగ్లిషులోనో, సగం అర్థం కాలేదు, అయినా వరుసలో సంతకం పడిపోతుంది. రేపు ప్రమాదం జరిగితే ‘వీడికి అన్నీ చెప్పాం’ అనడానికి కంపెనీ చూపించేది ఆ కాగితమే. అర్థం కాకపోతే అడగండి. ప్రతి రసాయనానికీ 16 భాగాలున్న సేఫ్టీ డేటా షీటు ఉంటుంది. నాలుగో భాగంలో ప్రథమ చికిత్స, ఎనిమిదో భాగంలో వేసుకోవాల్సిన రక్షణ సామగ్రి రాసి ఉంటాయి. ఆ రెండు భాగాలు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. మరో సంగతి, రక్షణ సామగ్రి సరైనదే ఇచ్చినప్పుడు వేసుకోవడం కార్మికుడి విధి. వేసుకోకపోతే కేసు బలహీనపడుతుంది.

ఈ పేస్టు ఒక్క చుక్క తగిలినా వెంటనే గ్లవ్స్, బట్టలు తీసేయాలి. ధారగా పడే నీళ్లతో కనీసం 5 నిమిషాలు కడగాలి. జెల్ ఉంటే శుభ్రమైన గ్లవ్ వేసుకుని రుద్దుతూనే ఉండాలి. జెల్ లేకపోతే వైద్యం అందేదాకా నీళ్లు ఆపకూడదు. కంట్లో పడితే నీళ్లే, జెల్ పెట్టకూడదు. నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. అత్యవసర ఫోన్ నంబరు 9999. ఆ తర్వాత చేయాల్సిన పని, దాదాపు ఎవరూ చేయనిది, ఫోర్‌మెన్‌కి, సేఫ్టీ ఆఫీసరుకి అదే రోజు వాట్సాప్ మెసేజ్: ‘ఈ రోజు మధ్యాహ్నం 3 గంటలకు ఫలానా యూనిట్‌లో పిక్లింగ్ పేస్టు కుడిచేతి వేళ్లకు అంటింది. గ్లవ్ చిరిగింది. జెల్ లేదు. ప్రమాదాల రిజిస్టరులో రాయండి.’ దానితో పాటు చిరిగిన గ్లవ్ ఫోటో, డబ్బా లేబుల్ ఫోటో. తేదీ, సమయం ఫోనే వేస్తుంది.

మీ తమ్ముడి విషయంలో ఆ రోజు దాటిపోయినా దారి మూసుకుపోలేదు. ఆ రోజు టైమ్‌షీట్, పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు, డాక్టరు కాగితం సంపాదించాలి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. కదలకపోతే ఒమన్ కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు పెట్టాలి. అక్కడ 30 రోజుల్లో రాజీ కుదర్చాలి, కుదరకపోతే విషయం కోర్టుకు వెళుతుంది. కార్మికుడికి కోర్టు ఫీజు ఉండదు. కానీ ఏడాది గడువు దాటనివ్వకండి. చదవలేని అరబ్బీ కాగితం మీద, ముఖ్యంగా లెక్క తీరిపోయిందనే కాగితం మీద, దాన్ని చదివి చెప్పగలిగేవాళ్లు దొరికేదాకా సంతకం పెట్టొద్దు.

సెలవు దగ్గర కూడా మోసపోకూడదు. కొత్త చట్టంలో మామూలు అనారోగ్య సెలవు ఏడాదికి 182 రోజుల దాకా ఉంది. మొదటి 21 రోజులు పూర్తి జీతం, తర్వాత మెట్లుమెట్లుగా తగ్గుతుంది. పని గాయం లెక్క వేరు. దానికి వైద్యం, పరిహారం బాధ్యతలు వేరుగా ఉంటాయి. అందుకే సెలవు కాగితంలో ‘అనారోగ్యం’ అని కాకుండా ‘పనిలో గాయం’ అని ఉందో లేదో చూసుకోవాలి. 52/2023 సామాజిక రక్షణ చట్టంలో పని గాయాల బీమాను విదేశీ కార్మికులకూ వర్తింపజేసే ఏర్పాటు ఉంది, దాని అమలు దశలవారీగా. ఏ దశలో ఉన్నా అడిగే ఆధారం మాత్రం అవే కాగితాలు.

కోపంతో సైట్ వదిలి వెళ్లిపోవడం చాలామంది చేసే పని. తీవ్రమైన ప్రమాదం ఉందని తెలిసీ యజమాని పట్టించుకోకపోతే నోటీసు లేకుండా పని మానే హక్కు ఒమన్ చట్టంలో ఉన్న మాట నిజమే. అయినా ఫిర్యాదు పెట్టకుండా కదిలితే పారిపోయాడని కేసు పెడతారు. ఖల్లివెల్లి, అంటే పారిపోయినవాడన్న ముద్ర పడితే గాయం సంగతి పక్కకు పోతుంది. ముందు ఫిర్యాదు, ఆ తర్వాతే మిగతావి. మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయం ఓపెన్ హౌస్‌లో నేరుగా చెప్పుకోవచ్చు. ఇంటి దగ్గరి నుంచి మీరు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టుతో, ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల వరకు వస్తుంది. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఉందేమో ఇప్పుడే వెతకండి. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు ఈ రక్షణ దొరకదు.

ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు ఈ కార్మిక చట్టం పరిధిలోకి రారు, వాళ్లకు వేరే నిబంధనలున్నాయి. రసాయనాల ప్రమాదం మాత్రం వాళ్లకూ ఉంది: బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లో బ్లీచ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఎవరు చెప్పినా కలపకండి. గాయమైతే నేరుగా రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించండి.

ఒమన్‌లో ఫోర్‌మెన్లుగా, సేఫ్టీ ఆఫీసర్లుగా ఉన్న తెలుగువారికి ఒక విన్నపం. కుర్రాడు ‘నొప్పేమీ లేదన్నా’ అన్నా సరే, జెల్ రాయించి, ఆసుపత్రికి పంపించి, రిజిస్టరులో ఆ రోజే పేరు ఎక్కించండి.